నవాబ్ అలీ నవాజ్ జంగ్

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదు నగరాన్ని ముంచివేసి వేలమందిని బలిగొన్నది. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనపై తలపెట్టిన ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తయినవి. నగరానికి వరద భయం తగ్గి మంచినీరు దొరికినది. అయితే సంస్థానమంటే రాజధాని ఒక్కటే కాదు గదా! పల్లెకు రావలసిన నీటి వంతును కార్యరూపంలో చూపిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అని మేము భావిస్తున్నాము.

వీరి అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించినారు. ప్రభుత్వ విద్యార్థి వేతనంపై ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1899లో తిరిగివచ్చి ప్రజాపనుల శాఖలో చేరినారు. 1918లో చీఫ్ ఇంజనీరైనారు.

వీరి కృషికి మకుటం మంజీరపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు. రెండు లక్షల డెబ్బదియైదు వేల ఎకరాలకు నీరందించుటకు దానిని ఉద్దేశించినారు. ఆ నీటితో చెరకు పండినది. చెరకు పండిన చోటికే బోధనులో చక్కెర కర్మాగారం వచ్చినది. కూలి కోసం పల్లెవాడు పట్నం దారి పట్టనక్కరలేక, యంత్రమే పొలం గట్టుకు నడచి వచ్చినది! ముంపులో ఊళ్లు విడిచిన వారిని మరచి ఈ కీర్తిని పాడుట మాత్రం న్యాయం కాదు.

మన విద్యార్థులు గమనింపదగిన విషయమొకటి కలదు. వైరా, పాలేరు జలాశయాలు కూడా వీరి కాలపు నిర్మాణాలే. ఖమ్మం ప్రాంతం అప్పుడు మన వరంగల్లు జిల్లాలోనిదే; 1953లో వేరైనది. పాకాల, రామప్ప చెరువుల ఒడ్డున పెరిగిన మనకు వాగుకు కట్ట వేయుటలోని విలువ ఒకరు చెప్పవలసినది కాదు.

తరువాత జాతీయ ప్రణాళికా సంఘంవారి నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షత వహించి, 1949లో కన్నుమూసినారు.

వీరి హయాములో నగరానికి మూసీ, పంటకు మంజీర. ఆ ఏర్పాటు కలకాలం నిలువలేదు. జంటనగరాలు పెరిగినకొద్దీ వాటి దాహం మంజీరను కూడా చేరినది. ఎగువన సింగూరు కట్టిన పిమ్మట నిజాంసాగరుకు వచ్చే నీరు తగ్గినది. పూడిక వలన దాని కడుపు కూడా చిన్నదైనది. వానలు వెనుదీసిన ఏడు సింగూరు గేట్లు ఎత్తుమని దిగువ రైతులు అడుగుతూనే వచ్చినారు.