మితవాద పాత్రికేయ శిఖరం సర్ సి.వై.చింతామణి

అక్కుపల్లి (శ్రీకాకుళం జిల్లా): కళింగాంధ్ర గడ్డపై జన్మించి, ఉత్తర భారతాన అలహాబాద్‌ను కార్యక్షేత్రంగా చేసుకుని, దేశ రాజకీయ పాత్రికేయ రంగంలో మూడు దశాబ్దాలకు పైగా తిరుగులేని స్థానాన్ని పొందిన తెలుగు తేజం సర్ చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి. భాష తెలియని ప్రాంతానికి వెళ్లి, అక్కడి ప్రజాజీవితానికి మార్గదర్శకుడైన ఆయన జీవితం ఉత్తరాంధ్ర ప్రజలకు గర్వకారణం.

చింతామణి 1880 ఏప్రిల్ 10న విజయనగరంలో ఒక సనాతన వైదిక కుటుంబంలో జన్మించారు. ఆనాడు విజయనగరం విశాఖపట్నం జిల్లాలోను, నేటి పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలు గంజాం జిల్లాలోను ఉండేవి. రెండూ మద్రాసు రాజధానిలో అంతర్భాగాలే. గురజాడ అప్పారావు వంటి మహనీయుల సంస్కరణ భావాలు వికసిస్తున్న కాలంలో ఆయన విజయనగరం మహారాజా కళాశాలలో విద్యనభ్యసించారు. అనారోగ్యం ఆయనను చిన్ననాటి నుంచే వెంటాడింది. పట్టా చేతికి రాకుండానే చదువు ముగిసింది. అయినప్పటికీ పఠనం ఆగలేదు. చదివిన విషయాన్ని, తేదీలను, అంకెలను సంవత్సరాల తరువాత కూడా తడుముకోకుండా చెప్పగల అసాధారణ జ్ఞాపకశక్తి ఆయనకు పెట్టని ఆభరణమైంది.

ఇరవై ఏళ్లు నిండకముందే విశాఖపట్నంలో ఒక ఆంగ్ల పత్రికకు సంపాదకత్వం వహించి చింతామణి పాత్రికేయ వృత్తిలో ప్రవేశించారు. 1901లో భారతీయ సంఘ సంస్కరణపై పలువురు ప్రముఖుల వ్యాసాలను, ప్రసంగాలను సేకరించి గ్రంథంగా వెలువరించారు. రాజకీయాలలో మితవాదిగా పేరొందిన ఈయన సాంఘిక విషయాలలో సంస్కరణ పక్షపాతి అని ఈ గ్రంథం చాటుతున్నది. కొంతకాలం మద్రాసు పత్రికలలో పనిచేసిన అనంతరం అలహాబాద్ చేరి, ఇండియన్ పీపుల్ పత్రిక బాధ్యతలు స్వీకరించారు.

పండిత మదనమోహన మాలవీయ కృషి ఫలితంగా 1909 అక్టోబరు 24న అలహాబాద్‌లో లీడర్ దినపత్రిక ఆవిర్భవించింది. అప్పటికి చింతామణి వయస్సు 29 సంవత్సరాలు. ఈ పత్రికతోనే ఆయన పేరు దేశమంతటా మారుమ్రోగింది. పత్రిక సంచాలక మండలికి తొలి అధ్యక్షుడు మోతీలాల్ నెహ్రూ. క్రమేణా మోతీలాల్‌కు, పత్రిక అనుసరించిన మితవాద విధానానికి మధ్య అంతరం పెరిగింది. చివరకు మోతీలాల్ 1919 ఫిబ్రవరిలో ఇండిపెండెంట్ అనే మరో దినపత్రికను స్థాపించారు. అంతటి పలుకుబడి గల నాయకుడు దూరమైనా సంపాదకుడు తన విధానాన్ని మార్చుకోలేదు.

మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలను స్వీకరించాలా, తిరస్కరించాలా అన్న అంశంపై 1918లో కాంగ్రెస్ నుంచి మితవాదులు వేరుపడ్డారు. వారు ఏర్పరచిన లిబరల్ ఫెడరేషన్‌లో తేజ్ బహదూర్ సప్రూ తదితరులతో పాటు చింతామణి ముఖ్యపాత్ర వహించారు. 1920లోను, 1931లోను ఆ సంస్థకు అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చినప్పుడు దేశం ఉప్పొంగింది. చింతామణి మాత్రం శాసనసభల ద్వారా, చట్టబద్ధమైన పోరాటం ద్వారానే స్వపరిపాలన సాధించాలని విశ్వసించారు. ఆ ఉద్యమాన్ని బహిరంగంగా వ్యతిరేకించి, జనాదరణను కోల్పోవడానికి సిద్ధపడ్డారు.

అయితే మితవాదం అంటే ప్రభుత్వానికి తలవంచడం కాదని ఆయన ఆచరణలో నిరూపించారు. 1921లో సంయుక్త రాష్ట్రాలలో విద్య, పరిశ్రమల శాఖల మంత్రిగా బాధ్యతలు చేపట్టారు. ద్వంద్వ ప్రభుత్వ విధానంలో కొన్ని శాఖలు మాత్రమే భారతీయ మంత్రులకు దక్కగా, ఆర్థిక శాఖ వంటి కీలక అధికారాలు గవర్నరు పక్షాన ఉండేవి. గవర్నరుతో అభిప్రాయభేదాలు తలెత్తగా, 1923లో మంత్రి పదవిని త్యజించి తిరిగి కలం పట్టారు. ఆపై శాసనమండలిలో ప్రతిపక్ష నాయకునిగా ప్రభుత్వాన్ని నిలదీశారు. భారతీయులకు చోటు లేని సైమన్ కమిషన్‌ను బహిష్కరించిన వారిలో ఆయనా ఒకరు. 1930లో లండన్‌లో ప్రారంభమైన తొలి రౌండ్ టేబుల్ సమావేశానికి ప్రతినిధిగా హాజరయ్యారు.

ఉత్తరాదిన స్థిరపడినా ఆయనకు స్వస్థలంతో అనుబంధం తెగలేదు. 1857 తిరుగుబాటు అనంతర భారత రాజకీయాలపై ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన ఉపన్యాసాలు 1937లో గ్రంథరూపం దాల్చాయి. తాను స్వయంగా ఎరిగిన నాయకుల వ్యక్తిత్వాలను అందులో చిత్రించినందున, ఆ కాలపు చరిత్ర విద్యార్థులకు అది విలువైన ఆకరం. బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను సర్ బిరుదుతో గౌరవించింది. 1941 జూలై 1న అలహాబాద్‌లో చింతామణి తుదిశ్వాస విడిచారు. లీడర్ పత్రిక 1967 వరకు కొనసాగింది.

స్వాతంత్ర్యం ప్రజా ఉద్యమాల బలంతోనే సిద్ధించిందన్నది చరిత్ర. ఆ మేరకు చింతామణి అంచనా తప్పింది. కానీ చట్టసభలలో సాధికారమైన చర్చ, అంకెలతో కూడిన విమర్శ, అధికారానికి దూరంగా నిలబడగల పత్రిక ప్రజాస్వామ్యానికి అవసరమన్న ఆయన విశ్వాసం స్వతంత్ర భారతంలోనూ నిలిచింది. పాలకుల ఆగ్రహాన్ని, ప్రజల అసంతృప్తిని ఒకే కాలంలో భరిస్తూ తాను నమ్మినది వ్రాయడం సామాన్యమైన విషయం కాదు.

బ్రతుకుతెరువు కోసం ఉద్దానం తీరం నుంచి హైదరాబాద్, చెన్నై, గుజరాత్ తీరం వరకు తరలివెళ్లే యువత నేటికీ ఎందరో. పట్టా లేకపోయినా, ఆరోగ్యం సహకరించకపోయినా, ఎరుగని ఊరిలో పట్టుదలతో నిలదొక్కుకున్న విజయనగరం బిడ్డ జీవితం వారికి ఆదర్శప్రాయం. పలాస, టెక్కలి ప్రాంత విద్యార్థులు, ముఖ్యంగా పాత్రికేయ వృత్తిని ఎంచుకోదలచిన వారు, ఆయన జీవితాన్ని అధ్యయనం చేయడం ఎంతైనా అవసరం.