జగదీశచంద్ర బోసు

విజ్ఞానశాస్త్రమున భారతీయుల ప్రజ్ఞను ఖండాంతరములకు చాటిన మహనీయులలో జగదీశచంద్ర బోసు అగ్రగణ్యుడు. ఆయన 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన తూర్పు వంగదేశమున, నేటి బంగ్లాదేశములో చేరిన ప్రాంతమున జన్మించెను. తండ్రి భగవాన్‌చంద్రుడు డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ హోదా గలవారు బిడ్డలను ఇంగ్లీషు బడులకు పంపుచున్న కాలమున, ఆయన కుమారుని వంగభాషలో బోధించు పాఠశాలకే పంపెను. అచ్చట జాలరి కుమారుడును, తండ్రి బంట్రోతు కుమారుడును జగదీశునకు సహాధ్యాయులు. వారు చెప్పిన పక్షుల కథలు, జలచరముల కథలు ఆ బాలుని హృదయమున ప్రకృతిపై ప్రేమను నాటెను.

కలకత్తాలో చదివిన పిమ్మట బోసు 1880లో ఇంగ్లండునకేగి వైద్యవిద్య నారంభించెను. జ్వరపీడచే దానిని విడిచి, కేంబ్రిడ్జియందు ప్రకృతిశాస్త్రముల నభ్యసించెను. 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడుగా చేరెను. ఆనాడు ఐరోపావారి జీతములో మూడింట రెండు వంతులే భారతీయుల కిచ్చుచుండిరి. ఉద్యోగము తాత్కాలికమని బోసునకు అందులోను సగమే నిర్ణయించిరి. ఆయన కలహింపలేదు, తలవంచనులేదు. తండ్రికి అప్పుల భారమున్నను, మూడేండ్లు ఒక్క కాసైన ముట్టక పాఠములు చెప్పెను. తుదకు ప్రభుత్వమే దిగివచ్చి, పూర్తి జీతమును మొదటినుండి లెక్కగట్టి యిచ్చెను.

1894 ప్రాంతమున బోసు విద్యుత్తరంగములపై పరిశోధన ప్రారంభించెను. తీగచుట్టలో ప్రవహించు విద్యుత్తును హఠాత్తుగా ఆపినచో, దానిపై వేలకొలది చుట్లుగల రెండవ తీగచుట్టలో క్షణకాలము మిక్కిలి హెచ్చు వోల్టేజి పుట్టును. అది రెండు లోహగోళముల నడుమ నిప్పురవ్వయై దుముకును. ఆ రవ్వనుండి తరంగములు వెడలును. కాని రవ్వలు ఎడతెగక దుమికినచో గోళముల నునుపు చెడి, తరంగములు నమ్మదగినవి గాకపోవును. అందుచే బోసు గోళములకు ప్లాటినము వాడి, ఒక్కొక్క మారు ఒక్క రవ్వయే పుట్టు నట్లు చేసెను. యంత్రమును రెండు లోహపు పొరల పెట్టెలో నుంచి, తరంగములు పక్కలకు పొక్కకుండ కట్టుదిట్టము గావించెను. ఇట్లు 5 మిల్లీమీటర్ల పొడవు గల సూక్ష్మతరంగములను సాధించెను.

తరంగములను పసిగట్టు పరికరము మఱింత చిక్కు తెచ్చెను. అందు వాడిన ఉక్కు స్ప్రింగులు వంగదేశపు ఉక్కకు, చెమ్మకు చెడిపోవుచుండెను. బోసు నిరుత్సాహపడక వానికి కోబాల్టు పూత పూసి కాపాడెను. 1895లో కలకత్తా టౌనుహాలున లెఫ్టినెంటు గవర్నరు సమక్షమున ఆయన పంపిన తరంగములు, గవర్నరు దేహమును, గోడలను దాటి, దూరమున నున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చెను. సభ యాశ్చర్యమున మునిగెను.

అంతటితో ఆయన తృప్తి చెందలేదు. లోహపు పొడితో చేసిన నాటి పరికరములను ప్రతి తరంగము తరువాత తట్టి సరిచేయవలసి యుండెను. అట్టి శ్రమ యక్కఱలేని పదార్థమునకై వెదకి, గెలీనా యను సీసపు ఖనిజమునందు ఆ గుణమును కనుగొనెను. స్వలాభాపేక్ష లేని బోసు మిత్రుల ఒత్తిడిచే దానికి పేటెంటు కోరగా, 1904లో అమెరికా దేశము మంజూరు చేసెను. గెలీనా అర్ధవాహక జాతికి చెందినది. నేడు రాడారులలోను, కణత్వరణ యంత్రములలోను హెచ్చు వోల్టేజి విద్యుత్తును క్షణములో వదలి క్షణములో ఆపుటకు, రవ్వల స్థానమున సిలికాను వంటి అర్ధవాహకములతో చేసిన స్విచ్చులను వాడుచున్నారు. బోసు తరంగమును గ్రహించుటకే వాడిన పదార్థజాతి, నేడు ఆ శక్తిని నడపుటకును తోడ్పడుచున్నది.

అనంతరము ఆయన వృక్షముల చైతన్యమును పరిశోధించి, 1917లో కలకత్తాలో బోసు విజ్ఞానమందిరమును స్థాపించెను. 1937 నవంబరు 23న గిరిదిహ్‌లో పరమపదించెను.

రవ్వ యొక్క నునుపును గూర్చియు, స్ప్రింగు యొక్క తుప్పును గూర్చియు ఓపికతో శ్రమించినవాడే గవర్నరుల సభను అబ్బురపఱచెను. చిన్నపనియందు శ్రద్ధ, అన్యాయమునకు లొంగని ధైర్యము, స్వలాభముపై విరక్తి: ఈ మూడును విద్యార్థులకు బోసు జీవితము నేర్పు పాఠములు.