సత్తెనపల్లి స్వతంత్ర సభ్యుడు – వావిలాల గోపాలకృష్ణయ్య

ప్రజాస్వామ్యంలో శాసనసభ్యత్వం ఒక గౌరవం. అంతకుమించి అది ఒక బాధ్యత. మంత్రి పదవి లేకుండా, వెనుక బలమైన పార్టీ లేకుండా, పల్లెటూళ్ళతో నిండిన ఒక నియోజకవర్గం నుండి వచ్చిన సభ్యుడు ఈ బాధ్యతను ఎంతవరకు నెరవేర్చగలడు? ఈ ప్రశ్నకు కీ. శే. వావిలాల గోపాలకృష్ణయ్య గారి జీవితమే సమాధానం.

గోపాలకృష్ణయ్య గారు 1906వ సంవత్సరం సెప్టెంబరు 17న సత్తెనపల్లిలో జన్మించారు. నాడు గుంటూరు జిల్లాలో ఉన్న ఆ పట్టణం 2022 నుండి పల్నాడు జిల్లాలో చేరింది. వారి చిన్నతనం నాటికి గుంటూరు సీమ యావత్తూ జాతీయోద్యమంతో అట్టుడుకుతున్నది. పెదనందిపాడు రైతులు పన్నులు కట్టడానికి నిరాకరించారు. పల్నాటి రైతులు అడవిలో పశువులు మేపుకొనే హక్కుకై పోరాడారు. ఆ పోరాటంలోనే 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణాలర్పించాడు. సర్కారుకు, సామాన్యునికి నడుమ ఉన్న అగాధం ఎంత లోతైనదో ఆ ప్రాంతపు యువకులకు వేరుగా బోధించవలసిన పని లేకపోయింది. గోపాలకృష్ణయ్య గారు గాంధీజీ మార్గాన్ని స్వీకరించారు. ఉప్పు సత్యాగ్రహం మొదలుగా స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని పలుమార్లు కారాగారవాసం అనుభవించారు. గ్రంథాలయోద్యమంలో కృషి చేశారు. చదువు పల్లెకు చేరనంతకాలం స్వరాజ్యం పల్లెకు చేరదన్నది ఆ ఉద్యమపు సారాంశం.

స్వతంత్ర భారతంలో తొలి సార్వత్రిక ఎన్నికలు 1952లో జరిగాయి. అప్పుడు వారు సత్తెనపల్లి నుండి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించి కర్నూలు రాజధాని అయింది. 1955లో జరిగిన ఎన్నికలలో కాంగ్రెసు కూటమి ప్రభంజనంలా గెలిచింది. కమ్యూనిస్టు పార్టీకి పదిహేను స్థానాలు మాత్రమే దక్కాయి. అటువంటి సమయంలో కూడ, వామపక్షాల అభిమానం పొందిన స్వతంత్ర అభ్యర్థిగా వారు సత్తెనపల్లిలో నిలిచి గెలిచారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా సభ హైదరాబాదుకు తరలింది. ఆంధ్ర ప్రాంతపు సభ్యులు 1962 వరకు కొనసాగారు. తరువాత 1962లోను, 1967లోను మరల వారే ఎన్నికయ్యారు. ఈ విధంగా ఒకే నియోజకవర్గం పక్షాన మూడు రాజధానులలోని సభలలో రెండు దశాబ్దాల పాటు మాట్లాడే అవకాశం వారికి లభించింది. ఏ పార్టీ టికెట్టూ లేకుండా ఒక గ్రామీణ ప్రాంతం ఇన్నిసార్లు ఒకే వ్యక్తిని నమ్మడం సామాన్య విషయం కాదు.

ఆ నమ్మకానికి నీటి సమస్య ఒక ముఖ్య కారణం. కృష్ణానది పల్నాటి అంచున పారుతున్నా అక్కడి మెట్ట పొలాలు వానచినుకు కోసం ఎదురుచూసేవి. నంది కొండ వద్ద ఆనకట్ట నిర్మిస్తే ఈ నేలకు నీరు అందుతుంది. కాని కృష్ణా జలాలను పెన్నా మీదుగా దక్షిణానికి మళ్ళించాలన్న మరొక యోచన మద్రాసు ప్రభుత్వం ముందు ఉండేది. నంది కొండ పథకం కోసం ముక్త్యాల రాజా గారు అవిశ్రాంతంగా పాటుపడ్డారు. ఆ కృషికి చట్టసభ లోపలా వెలుపలా గొంతు కలిపినవారిలో గోపాలకృష్ణయ్య గారు ముఖ్యులు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. శంకుస్థాపన నాటికీ, నీరు వదిలిన నాటికీ వారు సభలోనే ఉన్నారు. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం సాగిన ఉద్యమంలో కూడ వారు పాలుపంచుకొన్నారు.

వారి జీవితంలో మన కళాశాల విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన ఘట్టం భాషకు సంబంధించినది. రాష్ట్రంలో తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లో చట్టం వచ్చింది. అవసరమైన ప్రాంతాలలో ఉర్దూ మున్నగు భాషలను వాడుకొనే వీలు కూడ అందులో ఉన్నది. అయితే చట్టం చేయడం వేరు, కచేరీలో గుమాస్తా కలం మారడం వేరు. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షులుగా ఈ బాధ్యతను వారు స్వీకరించారు. నాటి కార్యాలయాలలో దస్త్రాలు ఆంగ్లంలో నడిచేవి. తెలుగు టైపు యంత్రాలు కొరత. పాలనకు కావలసిన మాటలు స్థిరపడలేదు. అన్నిటికీ మించి, తెలుగులో వ్రాస్తే హోదా తగ్గుతుందన్న భావం ఉద్యోగులలో బలంగా ఉండేది. తన భూమికి సంబంధించిన నోటీసును తానే చదువుకోలేని రైతు, దానిని పట్టుకొని ఇంగ్లీషు వచ్చినవాని గుమ్మం ముందు నిలబడవలసి వచ్చేది. అతనికి ఓటు ఉన్నది గాని, తన గురించి ప్రభుత్వం ఏమి వ్రాసిందో తెలుసుకొనే శక్తి లేదు. గోపాలకృష్ణయ్య గారి దృష్టిలో అధికార భాష సమస్య కేవలం భాషాభిమానం కాదు, పౌరుని హక్కు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బజారులో తెలుగు మాట్లాడే మన విద్యార్థులకు ఈ మాటలోని బరువు ఇతరులకంటె బాగా తెలుస్తుంది.

ఖద్దరు ధోవతి, భుజాన గుడ్డసంచి, నిరాడంబర జీవనం – ఇవే వారి ఆస్తి. ప్రజలు వారిని ఆంధ్రా గాంధీ అని పిలుచుకొన్నారు. వృద్ధాప్యంలో సైతం మద్యనిషేధం కోసం శ్రమించారు. 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చినా, 1997లో అది సడలిపోయింది. గెలిచిన ఉద్యమాలతోపాటు నిలువని విజయాలను కూడ వారు చూశారు. భాష విషయంలోనూ వారు ఆశించినదంతా నెరవేరలేదు. భారత ప్రభుత్వం 1992లో పద్మభూషణ్ పురస్కారంతో వారిని గౌరవించింది. 2003 ఏప్రిల్ 29న, తొంబది ఆరేళ్ళు నిండిన వయస్సులో వారు కన్నుమూశారు.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు కార్యాలయాలలో ఉద్యోగులు కావచ్చు, కొందరు ప్రజాప్రతినిధులు కావచ్చు. ఒక పల్లెటూరి మనిషి చేతిలో కాగితంతో మీ బల్ల ముందు నిలబడే దినం తప్పక వస్తుంది. ఆ కాగితంలో ఉన్నదేమిటో అతనికి అర్థమయ్యే భాషలో, ఓపికతో చెప్పి పంపగలిగితే, వావిలాల వారు మిగిల్చి వెళ్ళిన పనిలో కొంతైనా మీరు పూర్తిచేసినట్లే.