రేణువులలో కాలము: ఆచార్య సి. మహాదేవన్

సర్ సి. వి. రామన్ తొలి శిష్యులలో భూగర్భశాస్త్రమునకు మరలినవారు ఆచార్య సి. మహాదేవన్. 1901లో జన్మించిన ఆయన కలకత్తాలో గురువు చెంత భౌతికశాస్త్రమున ఆరితేరి, ఆ పనిముట్లతోనే రాళ్లను చదువబూనిరి. కొన్ని ఖనిజములలో యురేనియమో థోరియమో గల సూక్ష్మరేణువు చుట్టును రంగు వలయము లేర్పడును. యుగయుగములుగా ఆ రేణువునుండి వెలువడిన కిరణములు వదలిన జాడలవి. 1927లో ఆయన ప్రకటించిన వ్యాసము వీనిని గూర్చియే. రాయి తన వయస్సును తనలోనే దాచుకొనునని నమ్మినవారికి అది చిన్న విషయము గాదు.

హైదరాబాదు సంస్థాన భూగర్భశాఖలో కొంతకాలము పనిచేసిన పిదప, 1941లో వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నందు భూగర్భశాస్త్రశాఖను నెలకొల్పిరి. శిష్యులను గదిలో కూర్చుండబెట్టి ఊరుకొను స్వభావము ఆయనది గాదు. సముద్రతీరపు ఇసుకలోని మోనజైటును, కడలి యడుగున పేరుకొన్న మేటలను పరిశోధింపజేసిరి. 1950లలో అమెరికానుండి వచ్చిన లాఫాండ్‌తో కలిసి, నావికాదళపు ఓడల తోడ్పాటుతో తూర్పుతీరపు సాగరశోధన సాగెను. విశాఖ కెదుట సముద్రగర్భమున నున్న లోయ యొకటి నేటికిని మహాదేవన్ పేరనే పరగుచున్నది. గోదావరి సంగమమునకు ఉత్తరమున ఇసుకదిబ్బ ఏల పెరుగుచున్నదో విచారించిన 1958 నాటి వ్యాసమునందును ఆయన చేయి కలదు.

మేటల వయస్సు తేల్చుటలో చిక్కొకటి గలదు. అప్పనపల్లి వద్ద వైనతేయ తీరమున గుప్పెడు ఇసుక తీసికొనుడు. అందు తూర్పుకనుమల రాళ్లనుండి వచ్చిన రేణువులలో కొన్నింటి వయస్సు సుమారు నూరుకోట్ల యేండ్లు. వానిని తెచ్చి గోదావరి పేర్చిన కోనసీమ నేల వయస్సో, కొలది వేల యేండ్లు మాత్రమే. రేణువును కొలిచి నేల వయస్సు చెప్పినచో ఎంత పొరపాటగునో విద్యార్థులే ఊహింపగలరు.

1962లో మహాదేవన్ గతించిరి. నాటికి ఏ నౌకయు కుజుని చేరియుండలేదు. 2013లో క్యూరియాసిటీ యను యంత్రశకటము ఆ గ్రహముపై గేల్ బిలమున బురదరాతిని తొలిచి, పొటాషియమునుండి పుట్టిన ఆర్గాన్ వాయువును కొలిచినది. 421 కోట్ల యేండ్లు తేలెను. 35 కోట్లు అటునిటు కావచ్చును. అదియు ఒడ్డునుండి కొట్టుకొనివచ్చిన రేణువుల వయస్సే గాని, సరస్సులో బురద కూడిన నాటిది గాదు. పిదప, నీటి చేతనే తరువాత పుట్టిన ఖనిజమును వేరుచేసి కొలువగా 212 కోట్లు వచ్చెను.