నజరేతునందలి మౌనవత్సరములు

మహాపురుషుల చరిత్రములు వ్రాయువారు వారి యౌవనమును విస్తరించి చెప్పుదురు. ఏ గురువునొద్ద చదివిరో, ఏ దేశములు తిరిగిరో, మొట్టమొదట ఏ ఘనకార్యము చేసిరో వివరింతురు. యేసుక్రీస్తు చరిత్రమున మాత్రము ఈ భాగము మౌనముగా నున్నది. పండ్రెండవయేట పస్కాపండుగకు యెరూషలేమునకు పోయి, దేవాలయమున బోధకుల నడుమ కూర్చుండి ప్రశ్నలడుగుచున్న బాలుని లూకా మనకు చూపుచున్నాడు. మరల చూపునప్పటికి ఆయన ఇంచుమించు ముప్పదియేండ్ల పురుషుడు. నడిమి 18 సంవత్సరములను గూర్చి లూకా చెప్పినది మిక్కిలి కొలది. ఆ బాలుడు నజరేతునకు తిరిగివచ్చి తలిదండ్రులకు లోబడియుండెను. బుద్ధియు దేహమును ఎదుగగా దేవునికిని మనుష్యులకును ప్రియుడాయెను.

నజరేతు గలిలయ కొండలలోని చిన్నపల్లె. పాతనిబంధనలో దాని పేరైనను లేదు. 2009వ సంవత్సరమున అచ్చట త్రవ్వగా ఆ కాలపు ఇల్లొకటి బయల్పడెను. రెండు గదులు, ఒక ముంగిలి, వాననీరు నిలువచేయు తొట్టి, ఇంతియే. ఇట్టి యిండ్ల నడుమనే ఆయన పెరిగెను. అచ్చటికి సుమారు 4 మైళ్ల దూరమున సెఫోరిసు నగరముండెను. క్రీ.పూ. 4లో మహాహేరోదు మరణింపగానే అచ్చట తిరుగుబాటు లేచెను. సిరియా అధిపతియైన వారుసు ఆ నగరమును కాల్పించి, జనులను దాసులను చేయించెను. పిమ్మట హేరోదు కుమారుడైన అంతిప దానిని వైభవముగా మరల కట్టించెను. క్రీ.శ. 6లో రోమీయులు యూదయలో జనసంఖ్య వ్రాయింపగా, గలిలయుడైన యూదా అనువాడు జనులను పురికొల్పి ఎదిరించెను. కావున రాజుల వైభవమును, కత్తి పట్టినవారి గతియు ఆ యువకునికి చేరువనే యుండెను. ఆయన ఈ రెంటి వెంటను పోక పనిముట్టు చేతపట్టెను.

యోసేపు వడ్లవాడు. యేసు కూడ ఆ వృత్తియే చేసెనని మార్కు సువార్తవలన తెలియుచున్నది. గ్రీకుభాషలోని టెక్టోన్ అను పదము కొయ్యపనివానికిని, ఇండ్లు కట్టువానికిని చెల్లును. రెండవ శతాబ్దమువాడైన జస్టిను, ఆయన నాగళ్లును కాడులును చేసెనని వ్రాసెను. కాడి చెక్కుట తేలిక పని కాదు. మెడకు సరిపడకున్నచో ఎద్దు మెడ ఒరసికొని పుండగును. పిమ్మట ఆయన ప్రయాసపడువారిని పిలిచి, తన కాడి సుళువైనదని చెప్పినప్పుడు, ఆ పని ఎరిగినవాడే మాటలాడెను.

పస్కాపండుగ తరువాత యోసేపు కథలో మరల కనబడడు. యేసు బోధించు నాటికి అతడు గతించియుండెనని పెద్దల తలంపు. అట్లయినచో మరియను, యాకోబు, యోసే, యూదా, సీమోను అను తమ్ములను, చెల్లెండ్రను పోషించు భారము పెద్దకుమారునిపై పడియుండవలెను. దేవాలయమున పండితులను ఆశ్చర్యపరచిన ఆయన ఏ గురుపీఠమునొద్దను శిష్యుడుగా చేరలేదు. చదువుకొనని వానికి ఇంత పాండిత్యమెట్లు వచ్చెనని యెరూషలేమువారు తరువాత వింతపడిరి. ఊరి సమాజమందిరమే ఆయన పాఠశాల. విశ్రాంతిదినమున అచ్చటికి పోవుట ఆయనకు వాడుక.

ఆయన ఉపమానములే ఆ సంవత్సరముల దినచర్య. ముద్దలో పులిసినపిండి కలుపు స్త్రీ, పోయిన నాణెమునకై దీపము వెలిగించి ఇల్లూడ్చు ఇల్లాలు, పాతబట్టకు క్రొత్తగుడ్డ మాసిక, సంతవీధిలో ఆడుకొను పిల్లలు, కూలికై నిలిచిన పనివారు, బండమీదను ఇసుకమీదను కట్టిన ఇండ్లు, కంటిలోని నలుసు, దూలము—ఇవి గ్రంథములలో నేర్చినవి కావు. ఇంటను, వీధిని, పనిసాలను కన్నులార చూచినవి.

ఈ మౌనమును ఓర్వలేక కథలు కల్పించినవారు కలరు. బాలుడైన యేసు మట్టిపిచ్చుకలకు ప్రాణము పోసెనని ఒక పురాతన గ్రంథము చెప్పును. సంఘము దానిని ప్రమాణముగా నంగీకరింపలేదు. 1894లో నోటొవిచ్ అను రష్యాదేశీయుడు, యేసు యౌవనమున మన దేశమునకు వచ్చి చదివెననియు, ఆ చరిత్రను లడాఖులోని హెమిస్ మఠమున తాను కనుగొంటిననియు పుస్తకము ప్రకటించెను. సంస్కృత పండితుడైన మాక్సుముల్లరు ఆ యేడే దానిని ఖండించెను. ఆగ్రా ఆచార్యుడైన డగ్లసు 1895లో హెమిస్‌నకు పోయి విచారింపగా, అట్టి గ్రంథమేదియు తమయొద్ద లేదని మఠాధిపతి చెప్పెను. మన దేశమునకు గౌరవము కలిగించునని అసత్యమును పట్టుకొనుట తగదు.

ఈ కథలకు నజరేతువారే జవాబు. యేసు బోధకుడై స్వగ్రామమునకు వచ్చినప్పుడు వారు వింతపడి, పిదప అభ్యంతరపడిరి. ఆయన వింతలు చేయు బాలుడై యుండినచో, దూరదేశమున చదివి వచ్చినవాడై యుండినచో, వారు వింతపడనేల? ఆయన వడ్లవాడనియు, ఆయన తల్లిని తోబుట్టువులను తామెరుగుదుమనియు మాత్రమే ఆక్షేపించిరి. ఇన్నియేండ్లు కలసి బ్రదికినవారు ఆయనయందు ఒక్క దుష్కార్యమునైనను ఎత్తిచూపజాలక, చేతిపనినే తక్కువగా ఎంచిరి. వారు నిందగా పలికినది మనకు సాక్ష్యమైనది.

విద్యార్థులారా, ఇంకొక సంగతి గమనింపుడు. యొర్దానులో బాప్తిస్మము పొందినప్పుడు, పరలోకపు తండ్రి తన కుమారునియందు ఆనందించుచున్నానని తెలియజేసెను. అప్పటికి ఆయన ఒక రోగినైనను స్వస్థపరచలేదు, ఒక ప్రసంగమైనను చేయలేదు. ఆయన వెనుక నున్నవి నజరేతు సంవత్సరములు మాత్రమే. మనలో కొందరు రేపు పెద్ద చదువులకు పోవుదురు. కొందరు తండ్రి పొలమునకో, మగ్గమునకో, తల్లికిని తమ్ములకును అన్నము సంపాదించుటకో పోవలసివచ్చును. అట్టివారు తమ జీవితము వ్యర్థమాయెనని క్రుంగిపోవలదు. ఎవరును వ్రాయని దినములను కూడ దేవుడు చూచుచున్నాడు.