స్టూ అంగర్: పేకాటలో గెలిచి బతుకులో ఓడినవాడు

తెలుగునాట పేక తెలియని ఊరు లేదు. పెళ్లివారి విడిదిలో రమ్మీ, పండగపూట అరుగుమీద మూడుముక్కలాట మనం చూడనివి కావు. మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసులో 1967లో సుప్రీంకోర్టు మూడుముక్కలాట వట్టి అదృష్టమనీ, రమ్మీలో మాత్రం జ్ఞాపకశక్తి, నేర్పు ముఖ్యమనీ తేల్చింది. ఆ నేర్పులో తనకు సాటి లేడనిపించుకున్న ఒక అమెరికన్ కథ ఇది. పొగడటానికి రాస్తున్నది కాదు. చదివాక మీరే ఆలోచించండి.

స్టూ అంగర్ 1953 సెప్టెంబరు 8న న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి బారు నడుపుతూ, చాటుగా పందేలు కట్టించుకునేవాడు. కుర్రవాడికి ఓనమాలతో పాటే పందెం లెక్కలూ వచ్చాయి. తండ్రి త్వరగా పోయాడు, చదువు మధ్యలోనే ఆగింది. జిన్ రమ్మీ అని ఇద్దరాడే ఆట ఉంది. అందులో కొద్ది ముక్కలు పడేసరికే ఎదుటివాడి చేతిలో ఏమున్నాయో ఇట్టే పసిగట్టేవాడట. పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే ఓడిపోయి, అతనితో కూర్చోవడమే మానేశారు.

అప్పుడతను ఏం చేశాడో చూడండి. ఆ ఆటలో ముక్కలు పంచేవాడికి నష్టం. మొదటి అవకాశం ఎదుటివాడిది. అయినా ప్రతిసారీ తానే పంచుతానన్నాడు. పేకలో అట్టడుగు ముక్కను ఎదుటివాడు చూసుకోవచ్చని కూడా ఒప్పుకున్నాడు. అంటే చెడ్డ స్థానాన్ని కోరి నెత్తిన వేసుకున్నాడన్నమాట! అయినా ఆడేవాడు దొరకలేదు. చివరికి లాస్ వేగాస్ చేరి పోకర్ పట్టాడు.

పోకర్‌లో స్థానమంటే ఏమిటో కొంచెం చెప్పాలి. బల్ల చుట్టూ తొమ్మిదిమంది ఉన్నారనుకోండి. అతను ఆడిన పద్ధతిలో తలా రెండు ముక్కలు మూసి ఇస్తారు, అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా బల్లమీద తెరుస్తారు. చివర పందెం చెప్పేవాడు అందరి వాలకం చూసి చెబుతాడు. మొదట చెప్పేవాడు చీకట్లో రాయి విసరాలి. అతని తర్వాత ఎనిమిదిమంది ఇంకా నోరు విప్పలేదు మరి! పైగా ఇద్దరు తమ ముక్కలు చూడకముందే బ్లైండు కట్టితీరాలి. టోర్నమెంటు సాగేకొద్దీ ఆ బ్లైండు పెరుగుతుంది. వరస తిరుగుతుంది గనుక చెడ్డ కుర్చీ అందరికీ వస్తుంది. తెలివైనవాడు అక్కడ మంచి ముక్కలొస్తేనే ఆడతాడు, లేకుంటే పడేసి కాచుక్కూర్చుంటాడు.

మన ముత్తుకూరు వైపు రొయ్యల రైతుకు ఇది కొత్త సంగతి కాదు. నెలల తర్వాత ధర ఎంత పలుకుతుందో తెలియకముందే చెరువులో పిల్ల వదలాలి. 1994లో తెల్లమచ్చ జబ్బు కోస్తా చెరువుల్ని ఊడ్చేశాక, ఒక పంట చెరువు ఎండగట్టి ఆగడం కూడా సేద్యమేనని మనవాళ్లకు తెలిసొచ్చింది.

అంగర్ ఆగే రకం కాదు. ముక్కల కంటే మనుషుల్ని ఎక్కువగా చదివేవాడు. చేతిలో సరుకు లేకపోయినా పందెం పెంచి, మంచి కుర్చీలో ఉన్నవాడి చేత ముక్కలు పడేయించేవాడు. 1980లో ప్రపంచ పోకర్ పోటీ ప్రధాన టోర్నమెంటులో 73 మంది ఆడితే, అప్పటికే రెండుసార్లు గెలిచిన డాయిల్ బ్రన్‌సన్‌ను చివర ఓడించి 3,65,000 డాలర్లు గెలిచాడు. అప్పటికతని వయసు 26. 1981లోనూ అతనే గెలిచాడు.

గెలిచినదంతా గుర్రప్పందేల్లో, ఆటల పందేల్లో పోసేవాడు. దానికి తోడు కొకెయిన్ అలవాటైంది. 1990లో అదే టోర్నమెంటులో చేతినిండా బిళ్లలతో ముందున్నాడు. మూడోనాడు బల్ల దగ్గరికి రాలేదు. వెళ్లి చూస్తే హోటలు గదిలో మత్తుమందుతో స్పృహ తప్పి పడున్నాడు. ఆట ఆగదు గదా! అతని ఖాళీ కుర్చీ ముందునుంచి వరస వచ్చినప్పుడల్లా బ్లైండు తీసుకుంటూ పోయారు. ఆ బిళ్లలు కరిగి కరిగి తొమ్మిదో స్థానం దాకా లాక్కొచ్చాయి. అవి ఉన్నాయి, ఆడే మనిషి లేడు.

1997లో ప్రవేశ రుసుముకు పదివేల డాలర్లు కూడా లేవు. బిల్లీ బాక్స్‌టర్ అనే తోటి ఆటగాడు కట్టాడు. 312 మంది ఆడిన ఆ టోర్నమెంటులో మూడోసారి గెలిచి, వచ్చిన పది లక్షల డాలర్లు ఇద్దరూ పంచుకున్నారు. కొద్ది నెలల్లో ఆ సొమ్మూ హారతి కర్పూరమైంది. మర్నాటి ఏడు బాక్స్‌టర్ మళ్లీ డబ్బు కట్టినా అంగర్ గదిలోంచి కిందికి దిగలేదు. 1998 నవంబరు 22న ఒక చవక మోటెల్ గదిలో శవమై కనిపించాడు. వయసు 45. అంత్యక్రియలకు మిత్రులు చందాలు పోగుచేశారు.

ఇంతటి మేధావి ఎక్కడ పొరబడ్డాడు? బల్ల దగ్గర చెడ్డ కుర్చీని జయించడం తెలిసినవాడికి, లేవాల్సిన కుర్చీ ఏదో తెలియలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో పార్లమెంటు నిషేధించింది. అయితే చట్టం సెల్‌ఫోనును మూయగలదు గానీ మనసును మూయలేదు. పరీక్ష పోవడం, ఉద్యోగం రాకపోవడం, ఇంట్లో అప్పు... ఇలాంటి చెడ్డ కుర్చీలు మనకూ వరస ప్రకారం వస్తాయి. అప్పుడు ఉన్నదంతా ఒడ్డి ఒక్క దెబ్బతో బయటపడదామనిపిస్తుంది. కాస్త ఓర్చుకుంటే వరస తిరుగుతుంది. వరస తిరిగేనాటికి మన కుర్చీలో మనం ఉండాలి. అంతే.