యల్లాప్రగడ సుబ్బారావు

శాస్త్రజ్ఞులు తమ పరిశోధన ఫలితాలను వ్యాసంగా ప్రకటించేటప్పుడు, ఎవరెవరి కృషిని ఆధారం చేసుకొన్నారో అందులో పేర్కొనడం ఆచారం. ఒక వ్యాసాన్ని ఎంత ఎక్కువమంది పేర్కొంటే అది పదిమందికి అంతగా ఉపయోగపడిందన్న మాట. అలా ప్రపంచమంతటా వేలాది వ్యాసాలలో పేర్కొనబడిన ఒక పరిశోధనలో మన తెలుగువాని పేరు ఉన్నది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించాడు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. వారిది పేద కుటుంబం. డబ్బు సంపాదించాలన్న కోరికతో బాల్యంలోనే సుబ్బారావు కాశీకి బయలుదేరాడు. ఇంటివారు వెనుకకు తీసుకొని వచ్చి బడిలో చేర్చారు. రెండుసార్లు తప్పి, మూడవసారి మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణుడైనాడు. తరువాత స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఆనాడు దానికి సరైన మందు లేదు. ఆ దుఃఖం ఆయన మనసులో నిలిచిపోయింది.

మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించాడు. శస్త్రచికిత్స ఆచార్యునికి అది నచ్చలేదు. దానితో సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కలేదు; ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. 1922లో దాతల సాయంతో అమెరికాలోని బోస్టన్ నగరం చేరాడు. రాత్రులు ఆసుపత్రిలో పనిచేస్తూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివాడు.

అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు. భాస్వరం ఉన్న ద్రవానికి మాలిబ్డేట్‌ను, మరొక రసాయనాన్ని చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. 1925లో ప్రకటించిన ఈ పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పేరు వచ్చింది. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా పేర్కొనబడిన వ్యాసాలలో అది ఒకటి.

కండరాల నుండి తీసిన ద్రవాన్ని ఈ పద్ధతిలో పరీక్షించినప్పుడు నీలిరంగు రావడం ఆలస్యమైంది. మరొకరైతే దానిని పొరపాటుగా భావించి వదలిపెట్టేవారేమో! వారు మాత్రం కారణం వెదికారు. ఫలితంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గురించి లోకానికి తెలియజేశారు. 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని కండరాలలో కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. మన శరీరంలోని ప్రతి కణమూ పని చేయడానికి కావలసిన శక్తిని అందించేది ఇదే.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించాడు. 1945లో ఫోలిక్ ఆమ్లం తయారీని ప్రకటించిన వ్యాసంలో పదహారుగురి పేర్లున్నాయి. నాయకుడైన సుబ్బారావు పేరు వారి నడుమ ఒకటి మాత్రమే. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి చికిత్సకు ఆ ఫోలిక్ ఆమ్లమే ఉపయోగపడింది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, అనేక అంటువ్యాధులకు ఆరియోమైసిన్ ఆయన నాయకత్వంలోనే వెలువడ్డాయి. అక్కడ తయారైన అమినాప్టెరిన్‌తో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించగలిగాడు.

సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్క్ నగరంలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. అమెరికా వెళ్లిన తరువాత ఆయన మళ్ళీ స్వదేశాన్ని చూడలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన శతజయంతి సందర్భంగా తపాలా బిళ్ల విడుదల చేసింది. ఆయన మరణించి దశాబ్దాలు గడచినా, దేశదేశాల పరిశోధకులు ఆ 1925 నాటి వ్యాసాన్ని పేర్కొంటూనే వచ్చారు. పేరు కోసం ప్రాకులాడని ఆ మహనీయుని పేరును ఆయన చేసిన పనే నిలబెట్టింది.